దేవదాసు మీద ఇంత ప్రేమెందుకు?
బెంగాలీ రచయిత శరత్ నవల 1917లో అచ్చయింది, దాన్ని వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా 1953లో వచ్చింది. మనం గుండెల్లో పెట్టుకున్నది సినిమా దేవదాసునే. శరత్ దేవదాసు అంత ముద్దొచ్చే మనిషి కాదు. పరువు పణంగా పెట్టి అర్ధరాత్రి గదికొచ్చిన చిన్ననాటి నేస్తం పార్వతికి గట్టిగా మాట ఇవ్వలేడు. కలకత్తా వెళ్లిపోయి, నీమీద ప్రేమ ఉన్నట్టు ఎన్నడూ తోచలేదని ఉత్తరం రాస్తాడు. ఆనక గాలపుకర్రతో ఆమె నుదురు చిట్లగొడతాడు. రచయిత అతని మీద జాలిపడమంటాడే గానీ మెచ్చుకోమనడు. తెరమీద ఘంటసాల గొంతెత్తేసరికి ఆ పిరికితనమంతా తత్వమైపోతుంది, అక్కినేని మత్తుకళ్లు మిగతా పని కానిచ్చేస్తాయి. ఆ పాటలంటే నాకూ ప్రాణమే, అది వేరే సంగతి. నా ఓటు మాత్రం నవలకే: పార్వతికి జరిగిన అన్యాయం అక్కడ తాగుబోతు దుఃఖం చాటున మరుగున పడిపోదు.