ఒక్క పూట పోటీలతో ఆట వస్తుందా?

ఆగస్టు పదిహేను జెండా పండుగ ముగిసిందంటే జిల్లాలోని బడులకు ఆటల కబురు అందుతుంది. ఫలానా తేదీన మండల కేంద్రంలో పాఠశాలల క్రీడా పోటీలు ఉన్నాయి, జట్లను పంపవలసినదని దాని సారాంశం. అప్పుడు మొదలవుతుంది హడావుడి. బీరువా మీద దుమ్ము పట్టిన వాలీబాల్ కిందికి దిగుతుంది. అందులో గాలి ఉండదు. సైకిల్ షాపుకు వెళ్లి కొట్టించుకు రమ్మని ఒక పిల్లవాణ్ణి తోలుతారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో కాస్త పొడుగ్గా కనిపించిన వాళ్లను ఏరి వరుసలో నిలబెడతారు. జట్టు తయారైందంటారు.

పోటీల నాడు పొద్దున్నే ఒక్క ఆటోలో కిక్కిరిసి మండల కేంద్రం చేరతారు. వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దుగూకేలోగా అన్నీ ముగించాలి గనుక సెట్లు కుదించడం కద్దు. పావుగంటో, ఇరవై నిమిషాలో ఆడతారు. ఓడితే మళ్లీ అదే ఆటో. ఆ పిల్లలకు ఆ ఏటికి ఆటల కాలం అంతటితో సరి. సర్వీసు ఎలా చెయ్యాలో అప్పుడప్పుడే అంతుబడుతున్న పిల్ల ఇంటికి పోయి పుస్తకాల సంచి తీసుకుంటుంది. బంతి మళ్లీ బీరువా ఎక్కుతుంది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. ఒక చిన్న లెక్క చూడండి. మండలంలో 16 బడుల నుంచి 16 జట్లు వచ్చాయనుకుందాం. ఓడిన జట్టు తప్పుకునే పద్ధతిలో మొత్తం జరిగేవి 15 ఆటలు. 8 జట్లు ఒక్క ఆటతో ఇంటిదారి పడతాయి. మరో 4 జట్లు రెండు ఆటలతో. నాలుగాటలు ఆడే అదృష్టం రెండు జట్లకే. అంటే ఎవరికి ఆట తక్కువ వచ్చునో వారికే తక్కువ ఆటలు, ఎవరికి బాగా వచ్చునో వారికే ఎక్కువ ఆటలు. చదువులో ఇలా చేస్తే ఊరుకుంటామా? మొదటి లెక్క తప్పిన పిల్లవాణ్ణి ఆ ఏడాదికి లెక్కల తరగతికి రావద్దంటే తల్లిదండ్రులు బడి మీదికి రారా?

ఎంపిక పోటీలు తప్పని ఎవరూ అనడం లేదు. భారత పాఠశాలల క్రీడా సమాఖ్య 1954లో ఏర్పడింది. 14, 17, 19 ఏళ్లలోపు వారికి వేర్వేరుగా పోటీలు జరుగుతాయి. మండలం నుంచి జిల్లా, అక్కడి నుంచి రాష్ట్రం, ఆపైన దేశం, ఇలా మెట్లు ఉన్నాయి. మంచి ఏర్పాటే. అయితే ఏరడానికి ముందు పండాలి కదా! పండించే పని ఎవరిదన్నదే ఇక్కడ ప్రశ్న.

ప్రాథమికోన్నత పాఠశాలల పరిస్థితి మరీ విచిత్రం. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి, ఆట వస్తువులు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వ్యాయామ విద్య చెప్పే పార్ట్ టైం బోధకుడు కూడా ఉండాలి. కానీ అది పిల్లల సంఖ్య 100 దాటిన చోట. పల్లెల్లో ఆ మూడు తరగతుల్లో కలిపి 40, 50 మంది ఉన్న బడులే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ పిల్లలకు చట్టం మైదానం ఇచ్చింది, బంతి ఇచ్చింది, నేర్పే మనిషిని మాత్రం ఇవ్వలేదు. లెక్కల సారో, తెలుగు టీచరో ఈల మెడలో వేసుకుని నిలబడాలి. వారిలో ఓపిక గలవారు లేకపోలేదు. కానీ ఓపిక వేరు, ఆట నేర్పడం వేరు.

డబ్బు లేదనడానికీ పూర్తిగా వీలులేదు. సమగ్ర శిక్ష కింద ఏటా ఆట వస్తువుల కోసం ప్రాథమిక పాఠశాలకు 5 వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేల రూపాయల వరకు ఇవ్వవచ్చునని 2018లో నిబంధన పెట్టారు. పది వేలతో స్టేడియం రాదు. రెండు వాలీబాళ్లు, ఒక నెట్టు, రెండు ఫుట్‌బాళ్లు, గాలి పంపు వస్తాయి. ఆ సొమ్ము సకాలంలో వచ్చిందా, వస్తే ఏం కొన్నారు అని అడిగే తల్లిదండ్రులు ఎందరున్నారో చూసుకోవలసిందే.

మైదానాల మాటకొస్తే 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. కొన్ని ఊళ్లలో యువకులు చక్కగా వాడుకుంటున్నారు. కొన్నిచోట్ల ఊరికి దూరంగా, గుట్ట పక్కనో చెరువు శిఖంలోనో బోర్డు ఒక్కటే నిలిచింది. చుట్టూ పిచ్చిమొక్కలు. ఆరో తరగతి ఆడపిల్ల అక్కడికి ఒంటరిగా వెళ్లి ఆడుతుందని ఎవరు అనుకున్నారో!

నిజానికి నల్గొండ పల్లెలకు వాలీబాల్ పరాయి ఆట కాదు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు జాగా, రెండు గుంజలు, ఒక నెట్టు ఉంటే చాలు. పొలం పనులు ముగించుకొచ్చిన యువకులు సాయంత్రం పూట ఆడుతూనే ఉంటారు. ఆదివారం పందెం ఆటలు, సంక్రాంతికి టోర్నమెంట్లు ఉండనే ఉన్నాయి. ఆ యువకుల చేతిలో ఉన్న విద్య అదే ఊరి బడి ప్రహరీ దాటి లోపలికి పోవడం లేదు. పిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తారు, పక్కకు పోయిన బంతి అందిస్తారు. ఫుట్‌బాల్ సంగతి చెప్పనక్కర్లేదు. పెద్ద మైదానం కావాలన్న నెపంతో దాని జోలికే పోరు. ఒక్కో వైపు ఏడుగురితో, చిన్న జాగాలో, నాలుగో నంబరు బంతితో పిల్లలు హాయిగా ఆడవచ్చు. పెద్దల బంతి 410 నుంచి 450 గ్రాములు తూగుతుంది, పిల్లల బంతి అంతకంటే తేలిక. వాలీబాల్ నెట్టూ అంతే. మగవారికి 2.43 మీటర్లు, ఆడవారికి 2.24 మీటర్లు అన్నది పెద్దల కొలత. పన్నెండేళ్ల పిల్ల చెయ్యెత్తినా అందని ఆ నెట్టు కింద నిలబెట్టి, ఈ పిల్లకు ఆట రాదనడం అన్యాయం. నెట్టు దించి కట్టడానికి ఏ ఉత్తర్వులూ అక్కర్లేదు.

బడి సారు తలుచుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకాలు తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులే. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పినవారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన జట్టూ ఆయనదే. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలన్న నియమం పెట్టి ఆయన పోటీలు నడిపేవారని చెబుతారు. గెలుపు కోసం కాదు, ఆ కాలికీ ఆట రావాలని. సికింద్రాబాదు బలరాం వంటి ఆటగాళ్లు ఆయన చేతిలో ఎదిగినవారే. వారంతా ఏడాదికి ఒక్క పూట ఆడి అంతటివారు కాలేదు.

ఈ జిల్లా నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలు తక్కువేమీ లేవు. అక్కడ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు మిడిల్ స్కూలని వేరుగా ఉండడం సాధారణం. ఆగస్టు ఆఖరున బడి తెరిచాక అక్టోబరు దాకా చాలా బడుల్లో ఫుట్‌బాల్ జట్లు, ఆడపిల్లల వాలీబాల్ జట్లు నడుస్తాయి. ఇక్కడ మనం ఫుట్‌బాల్ అనే ఆటను అక్కడ సాకర్ అంటారు. బడి విడిచాక సాధన, వారంలో ఒకటి రెండు రోజులు పక్క ఊరి బడితో ఆట. ఇవాళ ఓడిన జట్టు వచ్చే వారం మళ్లీ ఆడుతుంది. తల్లిదండ్రులు మడత కుర్చీలు తెచ్చుకుని గీత పక్కన కూర్చుంటారు. అక్కడా లోపాలు ఉన్నాయి, జట్టులో చోటు దొరకని పిల్లల బాధ ఉంది, ఖర్చూ ఉంది. వారి బస్సులు, పచ్చిక మైదానాలు మనకు రావు, రానక్కర్లేదు. తీసుకోవలసింది ఒక్కటే. ఆటల కాలమంటే వారాల తరబడి సాగేది, ఒక్క రోజుతో తీరేది కాదు.

ఇక్కడ అది సాధ్యమా అంటే సాధ్యమే. ఒక ఉన్నత పాఠశాల, దాని చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లలో ఉన్న మూడు ప్రాథమికోన్నత పాఠశాలలు. ఈ నాలుగూ ఒకే స్కూల్ కాంప్లెక్సు కింద ఉండే చోట్లు జిల్లాలో ఉన్నాయి. ప్రతి జట్టూ మిగిలిన మూడింటితో తన ఊళ్లో ఒకసారి, వారి ఊళ్లో ఒకసారి ఆడితే ఆరేసి ఆటలు. వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు. జెండా పండుగ నుంచి దసరా సెలవుల దాకా దాదాపు సరిపోతుంది. ఉన్నత పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు తేదీలు రాసివ్వాలి, కాంప్లెక్సు ప్రధానోపాధ్యాయుడు వాటిపై సంతకం పెట్టాలి. ఊరి యువకులు ఇద్దరు వారానికి రెండు సాయంత్రాలు నేర్పాలి, వారిని బడిలోకి రానిచ్చేముందు ప్రధానోపాధ్యాయుడు మంచీచెడ్డా విచారించుకోవాలి, నేర్పేటప్పుడు టీచరొకరు దగ్గర ఉండాలి. మండల పోటీలు వచ్చేనాటికి ఆ పిల్లలు ఆరాటలు ఆడి ఉంటారు. అప్పుడు ఏరుకోండి.

దసరా దాటితే మాత్రం కుదరదు. సాగర్ ఆయకట్టు ఊళ్లలో వరికోతలు మొదలైతే బడి మైదానమే కల్లమవుతుంది, వడ్లు ఆరబోస్తారు. దేవరకొండ వైపు పత్తి ఏరడానికి పిల్లలూ చేలకు పోతారు, పోకూడదన్నది వేరే సంగతి. రైతును తప్పుపట్టి లాభం లేదు. వానకు తడిస్తే ఆరుగాలం కష్టం పోతుంది. మైదానం ఖాళీగా ఉన్న వారాలను మాత్రం వృథా చేయరాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆడపిల్లల సంగతి. ఏడో తరగతి వచ్చేసరికి ఇంట్లో మాట మారుతుంది. మండల కేంద్రానికి ఆటోలో పోయి చీకటి పడ్డాక వస్తుందంటే తల్లి ఒప్పుకోదు. ఆమె భయం ఉత్తుత్తిది కాదు. అదే పక్క ఊరి బడిలో నాలుగున్నరకు ఆట, ఆరులోపు ఇంటికి రాక, వెంట ఒక టీచరమ్మ, అక్కడ తలుపున్న మరుగుదొడ్డి అంటే ఆలోచిస్తుంది. చూడ్డానికి తానూ వస్తుంది. ఒలింపిక్ పతకాలు గెల్చిన పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు, తల్లి విజయ కూడా జాతీయ స్థాయిలో ఆడినవారే. ఆట ఆడిన తల్లి ఇంట్లో ఉంటే కూతురికి దారి సులువవుతుంది. ఇవాళ ఏడో తరగతిలో ఉన్న ఆడపిల్లలు రేపటి తల్లులన్న సంగతి అందరికీ తెలిసిందే.

పరీక్షలు పాడవుతాయని కొందరు అంటారు. వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర చొప్పున ఆడితే పాడయ్యే చదువు అంత గట్టిదేమీ కాదు. ఇంటికొచ్చి సెల్‌ఫోను పట్టుకునే గంటలను కూడా ఎవరైనా లెక్క పెడితే బాగుండును. మధ్యాహ్న భోజనం చేసిన పిల్లలు నాలుగు దాటాక ఖాళీ కడుపుతో ఆడలేరన్న మాట మాత్రం నిజం. ఆట రోజున గుప్పెడు ఉడికించిన శనగలో, ఒక పల్లీ పట్టీయో ఇవ్వడానికి ఊళ్లో మహిళా సంఘాలవారు వెనుకాడరు, అడిగేవారుంటే.

ఈ ఏడు మొత్తం జిల్లాలో జరగాలని ఎవరూ కోరడం లేదు. మండలానికి ఒక్క కాంప్లెక్సులో మొదలుపెట్టి చూడవచ్చు. నెట్టు పిల్లల ఎత్తుకు కట్టి, బడిలోనే ఒక గాలి పంపు ఉంచితే సైకిల్ షాపు దాకా పిల్లవాణ్ణి తోలే పని కూడా తప్పుతుంది.