హెల్మెట్‌కు చలానా, గుంతకు మాఫీ

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. కారణాల పట్టికలో 71 శాతం మరణాలు అతివేగం కింద నమోదయ్యాయి. గుంతల ఖాతాలో పడ్డవి 1,856 మాత్రమే. హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి బోడుప్పల్ వైపు రోజూ బండి నడిపేవారెవరూ ఈ లెక్కను ఒక పట్టాన నమ్మరు.

ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఆరు కిలోమీటర్లకు పైబడిన ఎలివేటెడ్ కారిడార్‌కు 2018 మేలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. 2020లో పూర్తి కావాల్సిన పని. 2024 వచ్చినా జనం చూసింది పిల్లర్లనే. వంతెన ఆలస్యమైతే సమయం పోతుంది, అంతే. కింద రోడ్డు పాడైతే ప్రాణాలు పోతాయి. వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఇది. నడుమ బారికేడ్లు పోగా మిగిలిన దారిలోనే ఆర్టీసీ బస్సు, టిప్పర్, ఆటో, స్కూటీ అన్నీ సర్దుకోవాలి.

గుంతలో పడితే కారుకు కుదుపు. బండికి మాత్రం ముందు చక్రం పట్టు తప్పుతుంది. వానాకాలం నీళ్లు నిండి గుంత కనిపించదు. ఎండాకాలం పైకి తేలిన కంకర మీద బ్రేకు వేస్తే జారుతుంది. తప్పించుకోబోయి పక్కకు తిప్పితే వెనకున్న లారీ కిందికే. అప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో లారీ డ్రైవర్ నిర్లక్ష్యం అని ఉంటుంది. ఒక్కడే పడితే అతివేగంతో అదుపు తప్పాడని రాస్తారు. గుంత పేరు ఎక్కడా రాదు. ఢిల్లీలో అచ్చయ్యే పట్టిక ఈ కాగితాల కూడికే.

ఉప్పల్ పక్కనే ఉన్న నాచారం కథ కొంచెం వేరు. అక్కడ సమస్య గుంతలకన్నా లారీలు. పారిశ్రామికవాడలోకి సరుకు తెచ్చే వాహనాలు రోడ్డు పక్కనే ఆగుతాయి. చీకట్లో వెనక రిఫ్లెక్టర్ కూడా లేని లారీని సైకిల్ మీద వచ్చే కార్మికుడు దగ్గరికొచ్చాకే చూస్తాడు. సైకిల్‌కు నంబరు లేదు, చలానా లేదు, కాబట్టి ఎవరి లెక్కలోనూ లేదు. నగరానికి పడమట ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. బాగానే ఉంది. కానీ సైకిల్ తొక్కితేనే పనికి చేరే మనిషి ఉన్నది ఇటువైపు.

రాంగ్ రూట్‌లో వచ్చేవారిని తిట్టడం తేలిక, నేనూ తిడతాను. అయితే డివైడర్ మూసేసి, యూటర్న్ ఎక్కడో పెట్టి, నడుమ రోడ్డు తవ్వేస్తే మనిషి ఏ దారి పడతాడో ఇంజినీరుకు తెలియదా?

హెల్మెట్ వద్దని ఎవరూ అనరు. సరిగా పెట్టుకుంటే మరణించే ముప్పు 42 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. హ్యాండిల్‌కు తగిలించుకు తిరిగేవారికి జరిమానా పడాల్సిందే. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ తప్పనిసరి చేసే 129వ సెక్షన్ పోలీసులకు కంఠోపాఠం. అదే చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సంగతి ఎందరికి తెలుసు? భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌నూ, నిర్వహించే అధికారినీ బాధ్యులను చేసే సెక్షన్ అది. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. కోట్ల పనికి అది చిల్లరే అయినా, ఒక్కసారి వేస్తే రోడ్డు తప్పు కాగితం మీదికి ఎక్కుతుంది.

అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ప్రాణం పోయిన ప్రతిచోటికీ పోలీసుతో పాటు ఆ రోడ్డు బాధ్యత ఉన్న ఇంజినీరు వెళ్లాలి. గుంత లోతు, వీధి దీపం, బారికేడ్, హెచ్చరిక బోర్డు చూసి రాసి సంతకం పెట్టాలి. పనులు జరిగే చోట ఏమేం ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లో ఉంది, దానితో పోల్చాలి. ఆ నివేదిక చార్జిషీటుకు జతచేయాలి. మృతుడి కుటుంబం పరిహారం కోసం ట్రైబ్యునల్ మెట్లెక్కినప్పుడు, తప్పంతా అతని వేగానిదేనన్న వాదనకు జవాబు చెప్పేది ఆ ఒక్క కాగితమే.