మగ్గాన్ని మ్యూజియంలో పెట్టి నేతగాణ్ణి వీధిలో వదిలేస్తారా?

మన ఇళ్లలో పెళ్లి కుదిరితే బెనారస్ చీర ప్రస్తావన రాక తప్పదు. రంగు గురించి, జరీ గురించి, ధర గురించి గంటల తరబడి చర్చిస్తాం. దాన్ని నేసిన చేతుల గురించి మాత్రం ఒక్క మాట అడగం. ఆ చేతులకు జరుగుతున్న అన్యాయంలో ఈ మౌనమే మన వాటా.

బెనారస్‌లోని మదన్‌పురా వంటి వాడల్లోనూ, ఆజంగఢ్ జిల్లా ముబారక్‌పూర్‌లోనూ ఈ నేత తరతరాలుగా ప్రధానంగా అన్సారీ ముస్లింల జీవనాధారం. దళిత, వెనుకబడిన కులాల నేతగాళ్లు కూడా ఇదే వృత్తిలో ఉన్నారు. కబీరు పెరిగింది ఇటువంటి జులాహా ఇంటిలోనే. ముస్లిం నేసిన పట్టు హిందూ వధువు పెళ్లిచీర అవుతుంది. పడుగూ పేకల్లాంటి ఈ బంధాన్ని వేదికల మీద పొగిడే నాయకులు ఆ నేతగాడి గడప తొక్కరు.

‘కఢువా’ పనిలో నేతగాడు గుంట మగ్గం మీద కూర్చుని ప్రతి పువ్వుకూ విడివిడిగా చిన్న కండెలతో జరీని అల్లుతాడు. అందుకే చీర వెనుక వేలాడే దారాలు కనిపించవు. నిండుగా పనితనమున్న చీరకు నెలలు పడుతుంది. మరమగ్గం ఈ పని చేయలేదు. చూపుకు దాన్ని పోలిన గుడ్డను మాత్రం అతి తక్కువ కాలంలో నేసి పడేస్తుంది. ఆ గుడ్డకు చేనేత పేరు తగిలించి అమ్మడం వ్యాపారం కాదు, దొంగతనం.

దీన్ని ఆపడానికి చట్టం లేదా? ఉంది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలున్న జాబితాను తరువాత 11కు కుదించారు. మిగిలిన వాటిలో చీర ఉంది, అమలే లేదు. బెనారస్ బ్రొకేడ్లకు, చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు చీరకు దక్కింది, నేసినవాడు అనామకుడిగానే మిగిలాడు. 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్న ప్రభుత్వమే 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. నాలుగవ చేనేత గణన ప్రకారం దేశంలోని నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల వారి నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఆకలితో ఉన్నవాడికి ‘వారసత్వ సంపద’ అనే బిరుదు అన్నం పెడుతుందా?

మరమగ్గాలు కూడా ముస్లింలకు పని ఇస్తున్నాయి కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. అన్సారీలలోనే ఎందరో మరమగ్గాలకు మారారు. మా పోరాటం వారి మీద కాదు. మరమగ్గం గుడ్డ మరమగ్గం పేరుతోనే అమ్ముడుపోవాలన్నది మా వాదన.

మనలోని తప్పునూ ఒప్పుకోవాలి. నేతగాడికి పట్టు, జరీ ఇచ్చి పని చేయించుకునే ‘గిరస్త’లలో మన మతస్థులూ ఉన్నారు. చిన్న లోపం చూపి కూలి కోసే చేతికి మతం అడ్డురావడం లేదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ మసీదులో వినడానికేనా, గద్దీ మీద పాటించడానికి కాదా? ఇంట్లో కండెలు చుట్టి, దారం సరిచేసే ఆడపడుచుల శ్రమ మగవాడి కూలిలోనే కలిసిపోతుంది. వారికి విడిగా కూలీ లేదు, పేరూ లేదు.

ఇది ఎక్కడో ఉత్తరాది గోడు అనుకోవద్దు. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్‌లో నూలు, పట్టు కలిపి హిమ్రూ నేసేవారు. ఆ షేర్వాణీలు ఒకనాడు హైదరాబాద్ కుటుంబాల గౌరవ చిహ్నాలు. నేడు ఆ మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మిగిలాయి. గిరాకీ తగ్గినప్పుడు మనం పట్టించుకోలేదు. మగ్గాలు మూతపడిన తరువాత మాత్రం ‘మా సంస్కృతి’ అని నిట్టూరుస్తున్నాం.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. 1985 చట్టాన్ని అమలు చేయాలి. భౌగోళిక గుర్తింపు వినియోగదారులుగా వ్యాపారులతో పాటు నేతగాళ్లనూ, వారి సహకార సంఘాలనూ నమోదు చేయాలి. ఇంట్లో పనిచేసే ప్రతి మహిళకూ చేనేత కార్మికురాలిగా గుర్తింపు కార్డు ఇవ్వాలి. నేతగాడికి గిరస్త అప్పు నుంచి విముక్తి కలిగించే బ్యాంకు రుణం అందాలి.

అంతవరకు మనం చేయగలిగిన పని ఒకటుంది. ఈసారి పెళ్లిచీర కొనేటప్పుడు దాన్ని తిరగేసి వెనుకవైపు చూడండి. చేనేత గుర్తు ఉందా, ఎవరు నేశారు అని దుకాణదారుణ్ణి నిలదీయండి. పెళ్లిలో ఒక పూట ఆడంబరం తగ్గించుకున్నా సరే, చీరకు న్యాయమైన ధర ఇవ్వండి. నేతగాడు మనల్ని జాలి అడగడం లేదు. తన శ్రమకు తగిన వెల అడుగుతున్నాడు. అది అతని హక్కు.