తల మీద డాలు, ఇసుకలో నాగలి

డాలు అనగానే కత్తి గుర్తుకొస్తుంది. తల మీద డాలున్న ప్రాణి కనిపిస్తే అది శత్రువుకు భయపడి తెచ్చుకున్నదేనని ఎవరైనా అనుకుంటారు. సముద్రజీవుల విషయంలో ఆ అలవాటు సగం కథను మింగేస్తోంది.

ఫిలైన్ అనే సముద్రపు స్లగ్‌నే చూడండి. పాలలా తెల్లని మెత్తటి ఒళ్లు. ఉన్న పలచటి చిప్ప కూడా కండలోపలే దాగి ఉంటుంది. ఇది సెఫలాస్పిడియా అనే తెగకు చెందింది. గ్రీకులో కెఫలె అంటే తల, ఆస్పిస్ అంటే డాలు. అయితే ఆ డాలులో ఎముక లేదు, గుల్ల లేదు, అంతా కండే. దానితోనే ఫిలైన్ తడి ఇసుకను తోసుకుంటూ లోపల దారి చేసుకుంటుంది. ఇసుక రేణువులు మొప్పలున్న చోటికి దూరకుండా అడ్డుపడేదీ అదే. దారిలో దొరికిన చిన్నచిన్న గుల్ల జీవుల్ని అలాగే మింగి, పొట్టలోని గట్టి పలకలతో నూరేస్తుంది. మరి చేప వచ్చి నోట పట్టుకుంటే? అప్పుడు ఆదుకునేది డాలు కాదు, చర్మం నుంచి ఊరే సల్ఫ్యూరిక్ ఆమ్లం.

నాగలి అనాల్సినదాన్ని డాలు అన్నారు.

దాదాపు ఇదే పేరున్న ప్రాణి ఒకటి రాళ్లలో ఉంది, సెఫలాస్పిస్. ఈ స్లగ్గుకూ దానికీ చుట్టరికమేమీ లేదు. అది సుమారు 41 కోట్ల ఏళ్ల నాటి దవడల్లేని చేప. స్కాట్లాండ్ శిలాజాలను పరిశీలించిన లూయీ అగాసీ 1835లో ఆ పేరు పెట్టాడు. తలంతా గుర్రపు లాడం ఆకారపు ఎముక పలక, దాని పైన దగ్గరదగ్గరగా రెండు కళ్లు, అడుగున నోరు. ఇది నిజంగా గట్టి కవచమే. నాటి వేటజీవులైన నీటితేళ్ల బారి నుంచి తప్పించుకోవడానికే తొలి చేపలకు ఇలాంటివి ఏర్పడ్డాయని శిలాజ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రోమర్ 1933లో వాదించాడు. ఆ వాదనలో బలముంది.

కానీ అక్కడితో ఆగిపోకూడదు. మరో శిలాజ శాస్త్రవేత్త ఎరిక్ స్టెన్సియో 1927లోనే ఆర్కిటిక్ దీవి స్పిట్స్‌బెర్గెన్ శిలాజాలను పొరలు పొరలుగా అరగదీసి, ఆ ఎముక లోపల మెదడు, నరాలు, రక్తనాళాలు ఉన్న దారుల్ని బయటపెట్టాడు. పలక అంచుల్లో ప్రత్యేకమైన మండలాలు ఉన్నాయి. వాటి నుంచి లావుపాటి కాలువలు లోపలి చెవి వైపు సాగుతాయి. ఆ మండలాలు విద్యుత్తు పుట్టించేవని స్టెన్సియో ఊహించాడు. నీటి కదలికల్ని పసిగట్టేవని తర్వాతివారు కొందరు అన్నారు. ఏది నిజమైనా ఆ పలక దెబ్బలు కాచుకునే ఇనుప టోపీ మాత్రమే కాదు.

అందుకే మ్యూజియంలో సెఫలాస్పిస్ శిలాజం పక్కన బోర్డు రాసేవారు, పిల్లలకు పాఠం చెప్పేవారు 'రక్షణ కవచం' అనే రెండు మాటలతో సరిపెట్టడం అన్యాయం. కళ్లు పైకి ఎందుకు ఉన్నాయి, ఆ కాలువలు ఎటు వెళ్తున్నాయి అని అడిగే వాక్యం ఒకటి కింద చేర్చాలి. పక్క గాజుతొట్టిలో ఇసుక పోసి, బతికున్న ఫిలైన్‌ను వదిలితే మరీ మంచిది.