పాటకి కమిట్ హిస్టరీ ఉంటే...

"బండెనక బండి" ఎవరి పాట అని అడగండి. చాలామంది ఠక్కున "గద్దర్‌ది" అనేస్తారు. మా గోలేటిలోనూ అంతే. కానీ రాసింది బండి యాదగిరి, నిజాం మీద జరిగిన తెలంగాణ సాయుధ పోరాటం నాటి మనిషి. 1979 నాటి 'మా భూమి' సినిమాలో (దర్శకుడు గౌతమ్ ఘోష్, నిర్మాతల్లో ఒకరు బి.నర్సింగరావు) గద్దర్ తెరమీద కనబడి పాడాడు. ఇక అంతే! మన భాషలో చెప్పాలంటే, ఫోర్కు ఫేమస్ అయిపోయి ఒరిజినల్ రిపాజిటరీ పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

ఇందులో గద్దర్ తప్పేం లేదు. ఆయన గొంతు లేకపోతే ఆ పాట మన దాకా వచ్చేదే కాదేమో.

రాక్ సంగీతంలోనూ ఇదే కథ. 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' అనగానే యానిమల్స్ బ్యాండే గుర్తొస్తుంది. బొగ్గుకి మారుపేరైన న్యూకాసిల్ కుర్రాళ్ళు 1964లో రికార్డు చేశారు. నిజానికి అది ఎవరు కట్టారో తెలియని జానపదం. 1937లో కెంటకీలోని మిడిల్స్‌బరోలో జార్జియా టర్నర్ అనే పదహారేళ్ళ అమ్మాయి పాడితే ఆలన్ లోమాక్స్ రికార్డు చేశాడు. ఆ అమ్మాయి ఓ గని కార్మికుడి కూతురు! యానిమల్స్ రికార్డు మీద అరేంజర్‌గా బ్యాండులో ఒక్క ఆలన్ ప్రైస్ పేరే పడింది. గిటార్ వాయించిన హిల్టన్ వాలెంటైన్ పేరుకీ, పాడిన ఎరిక్ బర్డన్ పేరుకీ అక్కడ చోటు దొరకలేదు.

"జనం పాటకి ఓనరేంటి బాసూ?" అంటారు కొందరు. నిజమే, ఓనర్ అక్కర్లేదు. కానీ లైసెన్సు వేరు, క్రెడిట్ వేరు. ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి అనే ఎంఐటీ లైసెన్సు కూడా ఒరిజినల్ కాపీరైట్ నోటీసు మాత్రం తీసెయ్యొద్దంటుంది. ఎవరో రాసిన కోడ్‌లోంచి వాళ్ళ పేరు పీకేస్తే మనం ఊరుకుంటామా? మరి పాటకెందుకు ఊరుకుంటున్నాం?

పేరు పోతే పేరొక్కటే పోదు. ఎప్పుడు, ఎవరి మీద రాశారన్నదీ పోతుంది. దొర మీద, నిజాం మీద కోపంతో పుట్టిన పాట చివరికి డీజే మిక్స్ అయిపోతుంది. యాదగిరి పేరు పక్కనుంటే కనీసం ఒక్కడైనా "ఎవరీయన?" అని వెతుకుతాడు కదా.

సింగరేణి కాలనీల్లో గేట్ మీటింగులకీ, సమ్మెలకీ పాటలు కట్టినవాళ్ళు ఎంతమందో! వాళ్ళ పేర్లు ఏ కేసెట్టు మీదా లేవు. ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఎవరైనా పాడితే రికార్డు చేసి అప్‌లోడ్ చెయ్యండి, మంచిదే. కాకపోతే అంతకు ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఎవరు కట్టిన్రు కాకా?" జవాబు దొరికితే వీడియో కింద డిస్క్రిప్షన్‌లో పెట్టండి. అర నిమిషం పని. ఏమంటారు?