టీచరమ్మకో గంట మిగిలేదెప్పుడు?

"మీ హాబీలేమిటి?" అని సైదాబాద్‌లో ఏ హైస్కూలు టీచరునైనా అడిగి చూడండి. ఓ నవ్వు నవ్వి ఊరుకుంటారు. పొద్దున్నే క్యారేజీలు సర్ది బడికి పరుగెత్తి, సాయంత్రం వంట ముగించి, ఆపైన దిద్దాల్సిన పేపర్ల కట్ట ముందేసుకునే ఆమెకు పాటో, కుట్టుపనో, కవిత్వమో ఎక్కడ కుదురుతుంది?

ఇది ఆమె ఒక్కరి గొడవేం కాదు. లెక్కల్లో వెనకబడ్డ పిల్ల ముగ్గు వేస్తే చుక్క తప్పదు. మార్కుల రిజిస్టరులో అది కనిపించదు. బొమ్మల సరదా ఉన్న టీచరు కంటనే పడుతుంది. లేదంటే ఆ పిల్ల ఎప్పటికీ 'డల్లే'!

"ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదండీ" అంటారు కొందరు టీచర్లు. పక్కనే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ బోర్డులు చూస్తూ పెరిగే పిల్లలకు మాత్రం తీరికేదీ? తీరికలేని చోట శ్రద్ధ ఎలా పుడుతుంది?

1848లో పుణెలో ఆడపిల్లలకు పాఠాలు మొదలుపెట్టిన సావిత్రీబాయి ఫూలే, 1854లో కవితల పుస్తకమూ వెలువరించారు. ఆమె పుట్టినరోజు జనవరి 3ని తెలంగాణ ప్రభుత్వం 2025లో మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. శాలువాలు సరే. బడిలో ఓ ఖాళీ పీరియడు, ఇంట్లో శ్రీవారి చేతికి గరిటె... అసలు సన్మానం అదే కదూ!