టెక్కలి రాయిలో డైనోసార్ ఎముక దొరుకుతుందా? అసలు లెక్క ఇదీ!

టెక్కలి క్వారీలో ఎముక ఆకారంలో రాయి కనిపిస్తే అది డైనోసార్‌దే అనుకోవచ్చా? అస్సలు కాదు. ముందు చూడాల్సింది ఆకారాన్ని కాదు.. అది ఎలాంటి రాయిలో దొరికిందన్నది.

టెక్కలి, పలాస కొండలు తూర్పు కనుమల్లో భాగం. భూమి లోతుల్లో విపరీతమైన వేడి, ఒత్తిడి మధ్య తయారైన ఈ రాళ్ల వయసు 50 కోట్ల ఏళ్లు దాటింది. డైనోసార్లు పుట్టిందే సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. ఇక ఉద్దానం ఇసుక అంటారా? అవి అంతరించిన చాలా కాలానికి చేరింది.

ఎముకలు నిలిచేది ప్రధానంగా నదులు తెచ్చిన మట్టి, ఇసుక పొరలు గట్టిపడిన అవక్షేప శిలల్లోనే. ప్రాణహిత-గోదావరి లోయలో ఉన్నవి అవే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో జియాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తవ్వితీసిన డైనోసార్‌కు 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

మరి గుర్తుపట్టేదెలా? విరిగినచోట స్పాంజిలా సన్నటి రంధ్రాలుంటే ఎముక కావచ్చు. లోపలా బయటా ఒకేలా ఉంటే చాలావరకు మామూలు రాయే. తుది మాట మాత్రం నిపుణులదే.

అందుకే ఎక్కడ అనుమానం వచ్చినా పెకలించొద్దు. ఏ పొరలో ఉందన్నదే దాని వయసుకు ఆధారం. చోటు మారితే ఆ ఆధారం పోయినట్టే. ఫోటో తీసి జియాలాజికల్ సర్వేకు చెప్పడమే సరైన పని.